చెరగని విలువ, మారే గడి: ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో అర్రేల ప్రస్థానం

హాస్కెల్‌లో కాస్త చేయి తిరిగినవారు ఎవరైనా ఏదో ఒకనాడు పెద్ద లెక్కల దగ్గరికి వస్తారు. ఒక మాత్రికను ఇంకో మాత్రికతో గుణించాలి, ఒక ఫొటోను నునుపు చేయాలి, లక్షల కొలతల సగటు తీయాలి. అప్పటిదాకా తోడు వచ్చిన లిస్టు అక్కడ చేతులెత్తేస్తుంది. అర్రే కావాలి. హ్యాకేజ్ భాండాగారం తెరిస్తే అర్రే, వెక్టర్, హెచ్‌మ్యాట్రిక్స్, రెపా, యాక్సిలరేట్, మాసివ్ అంటూ అరడజను లైబ్రరీలు ఎదురవుతాయి. వీటిలో ఏది వేగమైనది అని అడగడం పరిపాటి. నా మటుకు నేను ముందు అడిగేది వేరు: ఏది ఏ కాలంలో, ఏ చిక్కు విప్పడానికి పుట్టింది? ఎందుకంటే వీటన్నిటి వెనుకా ఉన్న పేచీ ఒక్కటే. ఒకసారి ఇచ్చిన విలువను ఇక మార్చనని మాట ఇచ్చిన భాషలో, గడి గడికీ విలువలు మారుతూ సాగే లెక్కను ఎలా చేయాలి? ప్రతి తరమూ ఆ మాటను నిలబెట్టుకుంటూనే ఏదో ఒక చోట సర్దుకుంది. ఎవరు ఎక్కడ సర్దుకున్నారో తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది.

ఈ కథకు రెండు మూలాలున్నాయి. ఒకటి కంప్యూటర్ల కంటే ముందుది. 1930లలో అలొంజో చర్చ్ రూపొందించిన లాంబ్డా కాల్క్యులస్‌లో మెమొరీ లేదు, గడులు లేవు. ప్రమేయాన్ని ప్రమేయానికి అన్వయించడమే సర్వస్వం. రెండోది 1957లో ఐబీఎం 704 యంత్రం మీద జాన్ బ్యాకస్ బృందం బయటపెట్టిన ఫోర్ట్రాన్. అందులో అర్రే అంటే వరుసగా పరిచిన మెమొరీ. పదో గడి కావాలంటే మొదటి గడి చిరునామాకు తొమ్మిది గడుల దూరం కలిపితే చాలు. ఆ గడిలో పాత అంకె చెరిపి కొత్తది రాయడం అతి సహజమైన పని. ఆ మరుసటి ఏడాదే జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ మొదటి మూలం నుంచి నీరు తోడుకుంది. దాని ప్రాణం లిస్టు. ఒక్కో అంశం తన తరువాతి అంశం ఎక్కడుందో చెబుతుంది కాబట్టి వెయ్యో అంశం కావాలంటే వెయ్యి అడుగులూ నడవాలి. గుర్తులతో ఆడే కృత్రిమ మేధకు అది చక్కగా అమరింది, వాతావరణ గణనకు అమరలేదు. అలా తొలినాళ్లలోనే లిస్టు గణితజ్ఞుల వైపు, అర్రే ఇంజనీర్ల వైపు నిలిచాయి. లిస్ప్‌లోనూ అర్రేలు ఉండేవి, కానీ ఆ భాష ఆలోచించింది మాత్రం లిస్టుల్లోనే.

ఈ రెండు వైపులనూ మొదట ఒకచోట చేర్చినవాడు కెనడాలో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్. హార్వర్డ్‌లో బోధన కోసం అల్లుకున్న ఒక సంకేతలిపిని ఆయన 1962లో పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకం పేరు నుంచే ఏపీఎల్ అన్న పేరు వచ్చింది. 1966 నాటికి అది ఐబీఎం 360 మీద నడుస్తోంది. ఏపీఎల్‌లో లూపు రాయనక్కర్లేదు. రెండు అర్రేల మధ్య కూడిక గుర్తు పెడితే గడికి గడి కలిసిపోతుంది. కూడిక పక్కన ఒక ఏటవాలు గీత గీస్తే అర్రే మొత్తం కూడి ఒక్క అంకె అవుతుంది. మొత్తం అర్రేనే ఒక విలువగా చూడడం, దాని మీద నడిచే క్రియలను మళ్ళీ ఇంకో క్రియకు అప్పగించడం, ఈ రెండూ నేటి ప్రతి అర్రే లైబ్రరీలోనూ ఉన్నాయి. మ్యాప్, ఫోల్డ్, స్కాన్ అని మనం రోజూ పలికే పేర్ల వెనుక ఐవర్సన్ గీసిన గుర్తులు ఉన్నాయన్న సంగతి కొత్త తరానికి చాలామంది చెప్పరు. చెప్పాలి.

ఐవర్సన్ ప్రభావం ఎంత దూరం పోయిందో 1977లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ట్యూరింగ్ పురస్కారం అందుకున్నది ఫోర్ట్రాన్ సృష్టికర్త బ్యాకసే. పురస్కార ప్రసంగంలో ఆయన తాను పాతికేళ్లు నడిచిన దారినే ప్రశ్నించాడు. మెమొరీకీ గణన విభాగానికీ మధ్య ఒక్కొక్క పదాన్ని అటూ ఇటూ మోయడమే ప్రోగ్రామింగ్ అయిపోయిందని, భాషలన్నీ ఆ ఇరుకు సందుకు బానిసలయ్యాయని వాదించాడు. ప్రత్యామ్నాయంగా ఎఫ్‌పీ అనే చిన్న పద్ధతిని చూపించాడు. రెండు వెక్టర్ల అంతర్లబ్ధం దానిలో మూడు ముక్కలు: రెండు వరుసలనూ జతలుగా మార్చు, ప్రతి జతనూ గుణించు, వచ్చినవన్నీ కూడు. సూచిక లేదు, లెక్కింపు చలరాశి లేదు, చెరిపి రాయడం లేదు. 1978 ఆగస్టులో అచ్చయిన ఆ వ్యాసం ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు ఎనలేని గౌరవం తెచ్చిపెట్టింది. అయితే జతలుగా మార్చినప్పుడు పుట్టే కొత్త అర్రే, గుణించినప్పుడు పుట్టే మరో అర్రే, ఇవన్నీ మెమొరీలో ఎక్కడ కూర్చోవాలి? ఆ లెక్క తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

అంతకంటే ముందు మరింత మొండి సమస్య ఒకటి అడ్డం పడింది. విలువలు మారకూడదంటే, పది లక్షల గడుల అర్రేలో ఒక్క గడి మార్చాలన్నా మొత్తం అర్రేను నకలు తీసి ఆ ఒక్క చోట కొత్త అంకె పెట్టాలి. పహాణీలో ఒక సర్వే నంబరు దిద్దడానికి పుస్తకమంతా తిరగరాసినట్టు. పది లక్షల గడులనూ ఒకదాని తర్వాత ఒకటి అలా మారిస్తే లక్ష కోట్ల నకళ్లు. ఏ యంత్రమూ ఆ భారం మోయలేదు. 1980లలో దీనికి రెండు బలమైన జవాబులు వచ్చాయి, రెండూ సమాంతర యంత్రాల కోసం పనిచేస్తున్నవారి నుంచే. 1983లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల, కొలరాడో స్టేట్, మాంచెస్టర్ విశ్వవిద్యాలయాలు, డీఈసీ సంస్థ కలిసి సిసల్ భాషను నిర్వచించాయి. దాని కంపైలరు ప్రోగ్రామును చదివి, పాత అర్రేను ఇక ఎవరూ చూడబోరని తేలితే నకలు మానేసి అదే చోట దిద్దేది. ప్రోగ్రామరుకు మాట నిలిచింది, యంత్రానికి శ్రమ తప్పింది. 1992లో డేవిడ్ కాన్ ఒక వ్యాసంలో, క్రే సూపర్ కంప్యూటర్ల మీద సిసల్ ప్రోగ్రాములు ఫోర్ట్రాన్‌కు దీటుగా నడిచాయని చూపించి, ఫోర్ట్రాన్‌కు ఇక విశ్రాంతి ఇద్దామా అని శీర్షికలోనే అడిగాడు. విశ్రాంతి దొరికింది సిసల్‌కే. కానీ కంపైలరు తెలివిని నమ్మి శుద్ధంగా రాయవచ్చన్న ధైర్యం అక్కడే పుట్టింది. 1990ల నడుమ జర్మనీలోని కీల్‌లో స్వెన్-బోడో షోల్ట్స్ మొదలుపెట్టిన సింగిల్ అసైన్‌మెంట్ సీ ఆ ధైర్యాన్నే ముందుకు మోసింది.

రెండో జవాబు ఎంఐటీ నుంచి వచ్చింది. అక్కడ అర్వింద్ బృందం డేటాఫ్లో యంత్రాల కోసం ఇడ్ అనే భాషను తీర్చిదిద్దుతూ, ఐ-స్ట్రక్చర్ అనే కొత్త రకం అర్రేను ఊహించింది. 1989లో దాన్ని సమగ్రంగా వివరించిన వ్యాసం మీద ముగ్గురి పేర్లున్నాయి: అర్వింద్, రిషియూర్ నిఖిల్, కేశవ్ పింగళి. ముగ్గురూ కాన్పూర్ ఐఐటీ పట్టభద్రులే. వారి ఆలోచన అందంగా ఉంటుంది. అర్రే పుట్టినప్పుడు గడులన్నీ ఖాళీ. ప్రతి గడిలో ఒకే ఒక్కసారి రాయవచ్చు. ఇంకా నిండని గడిని ఎవరైనా చదవబోతే, అది నిండేదాకా ఆ చదువరి ఆగుతాడు. రెండోసారి రాయబోతే తప్పు. దీంతో ఎవరు ముందు రాశారు, ఎవరు తర్వాత చదివారన్న గొడవే ఉండదు. ఎన్ని ప్రాసెసర్లు ఏ క్రమంలో పనిచేసినా జవాబు ఒక్కటే. మన దేశపు చదువుల నుంచి వెళ్లిన ఈ పరిశోధకుల చేయి ఫంక్షనల్ అర్రేల పునాదిలోనే ఉందని గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం. ఆ చేయి అక్కడితో ఆగలేదు కూడా.

1987లో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో జరిగిన సదస్సులో, డజనుకు పైగా ఉన్న లేజీ భాషలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి భాష కావాలని పరిశోధకులు తీర్మానించుకున్నారు. 1990లో వెలువడిన హాస్కెల్ మొదటి నివేదిక దాని ఫలం. ఆ కమిటీలో అర్వింద్, నిఖిల్ ఇద్దరూ సభ్యులే. హాస్కెల్ తన నిర్వచనంలోనే అర్రేలకు చోటిచ్చింది. సూచిక అంకే కానక్కర్లేదు, అక్షరం కావచ్చు, అంకెల జత కావచ్చు. సున్నా నుంచే మొదలవ్వాలన్న నియమమూ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా గడులు లేజీవి. గడిలో ఉండేది విలువ కాకుండా, ఆ విలువను ఎలా కట్టాలన్న సూచన. ఎవరో అడిగినప్పుడే లెక్క జరుగుతుంది.

ఈ లేజీతనం ఏమిచ్చిందో ఒక్క ఉదాహరణ దగ్గర నిలబడి చూడాలి. రెండు పదాల మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉందో కొలిచే ఎడిట్ డిస్టెన్స్ లెక్కకు ఒక పట్టిక కావాలి. పట్టికలో ప్రతి గడీ తన పైనున్నదాని మీద, ఎడమనున్నదాని మీద, ఆ మూలనున్నదాని మీద ఆధారపడుతుంది. సీలో రాస్తే ఏ గడి తర్వాత ఏ గడి నింపాలో మనమే క్రమం నిర్ణయించాలి. హాస్కెల్ లేజీ అర్రేలో ఆ మూడు పొరుగు గడుల సూత్రం ఒక్కటి రాసి, పట్టికను పట్టికతోనే నిర్వచిస్తాం. కుడి దిగువ మూల గడిని అడగ్గానే అది తనకు కావలసినవాటిని అడుగుతుంది, అవి తమకు కావలసినవాటిని అడుగుతాయి, ఒక్కో గడీ ఒక్కసారే లెక్క అవుతుంది. క్రమం దానంతట అదే తేలుతుంది. పాతబడిందని ఇవాళ పక్కన పెట్టేస్తున్న ఈ మొదటి అర్రే లైబ్రరీకి సాటి రాగల పనిముట్టు ఇలాంటి పనుల్లో ఇప్పటికీ లేదని నా నమ్మకం.

దాని ధర కూడా అంతే స్పష్టం. 64 బిట్ల యంత్రం మీద హాస్కెల్‌కు వాడే జీహెచ్‌సీ కంపైలరు లేజీ అర్రేలో ఒక దశాంశ సంఖ్యను ఉంచితే, గడిలో ఉండేది 8 బైట్ల చిరునామా మాత్రమే. అసలు సంఖ్య వేరే చోట 16 బైట్ల పెట్టెలో ఉంటుంది. వెరసి 24 బైట్లు. ఫోర్ట్రాన్‌లో అదే సంఖ్యకు 8 చాలు. ఇంకా లెక్కకట్టని గడి అయితే భారం మరింత ఎక్కువ. పైగా సంఖ్యలు చెల్లాచెదురుగా ఉంటే ప్రాసెసరు కాష్ వృథా అవుతుంది. అందుకే పెట్టె లేకుండా సంఖ్యను నేరుగా గడిలోనే పరిచే అన్‌బాక్స్‌డ్ అర్రేలు వచ్చాయి. వాటిలో లేజీతనం ఉండదు. ఉంటే విలువ ఉండాలి, లేదా అర్రేయే ఉండకూడదు. ఫంక్షనల్ ప్రోగ్రామరు చేసిన మొదటి సర్దుబాటు ఇదే.

రెండో సర్దుబాటు 1994లో జరిగింది. గ్లాస్గోలో జాన్ లాంచ్‌బరీ, సైమన్ పేటన్ జోన్స్ ఎస్‌టీ మోనాడ్‌ను ప్రతిపాదించారు. లోపల అర్రేను ఎంతైనా చెరుపు, ఎన్నిసార్లైనా తిరగరాయి, కానీ ఆ మారే అర్రే గడప దాటి బయటికి రాకూడదు. గడప కాపలా ఉద్యోగం టైపులకు అప్పగించారు. పొరపాటున దాన్ని బయటికి తీసుకుపోబోతే ప్రోగ్రాము కంపైలే కాదు. బయటి నుంచి చూసేవారికి అది ఇచ్చిన దానికి ఎప్పుడూ అదే జవాబిచ్చే శుద్ధమైన ప్రమేయం. ఈ ముప్పై ఏళ్లలో వచ్చిన ఉపాయాల్లో ఇంత తక్కువ ఆర్భాటంతో ఇంత ఎక్కువ పని చేసినది ఇంకొకటి లేదు. వెక్టరు గానీ, మాసివ్ గానీ ఈనాటికీ తమ అడుగున ఈ ఎస్‌టీ పునాది మీదే నిలబడ్డాయి.

ఇదంతా జరుగుతుండగా బయటి లోకం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1979లో బ్లాస్, 1992లో ల్యాప్యాక్ వచ్చి, మాత్రికల లెక్కలకు ప్రపంచమంతా ఒప్పుకున్న అడుగు భాషలయ్యాయి. కాష్‌లో పట్టేంత ముక్కలుగా మాత్రికను కోసి గుణించే ఆ నైపుణ్యాన్ని ఒంటరి మనిషి ఏ భాషలో తిరగరాసినా అందుకోవడం కష్టం. ఆ నిజాన్ని వినయంగా అంగీకరించినది స్పెయిన్‌కు చెందిన అల్బెర్తో రూయిస్ రాసిన హెచ్‌మ్యాట్రిక్స్. అది కొత్తగా ఏదీ లెక్కకట్టదు, బ్లాస్‌నూ ల్యాప్యాక్‌నూ హాస్కెల్ టైపుల వెనుక కూర్చోబెడుతుంది. ఓకామల్ వారూ ఇదే దారి తొక్కారు. 2000 నాటి 3.00 విడుదలతో వచ్చిన బిగ్అర్రే, గార్బేజ్ కలెక్టరు కదపని మెమొరీలో సంఖ్యలను పరిచి, సీ అమరికనో ఫోర్ట్రాన్ అమరికనో ఎంచుకోమంటుంది. ఫోర్ట్రాన్ అమరిక ఎంచుకుంటే సూచికలు కూడా ఒకటి నుంచే మొదలవుతాయి! 2016లో కేంబ్రిడ్జ్‌లో లియాంగ్ వాంగ్ మొదలుపెట్టిన ఔల్ లైబ్రరీ ఆ బిగ్అర్రే మీదే లేచింది. పైథాన్‌లో 1995 నాటి న్యూమరిక్‌తో మొదలై 2006 నాటికి నంపైగా స్థిరపడిన లైబ్రరీ మాత్రం లోకాన్నే గెలుచుకుంది. ఐవర్సన్ కల కోట్లమంది చేతికి అందింది ఆ రూపంలోనే.

ఇక బ్యాకస్ వదిలిపెట్టిన లెక్క దగ్గరికి వద్దాం. మధ్యలో పుట్టి మధ్యలోనే చచ్చే అర్రేలను ఏం చేయాలి? ఒక వెక్టరులోని సంఖ్యలన్నిటినీ వర్గం చేసి కూడమంటే, వర్గాల వెక్టరు ఒకటి మెమొరీలో నిజంగా పుట్టాలా? చేత్తో లూపు రాసేవాడు పుట్టించడు. 1988లోనే ఫిలిప్ వాడ్లర్ ఈ మధ్యంతర నిర్మాణాలను కంపైలరే తొలగించే పద్ధతిని డీఫారెస్టేషన్ పేరుతో ప్రతిపాదించాడు. 1993లో ఆండ్రూ గిల్, లాంచ్‌బరీ, పేటన్ జోన్స్ దాన్ని ఒక్క పునర్లేఖన సూత్రానికి కుదించారు. 2007లో డంకన్ కూట్స్, రోమన్ లెష్చిన్‌స్కీ, డాన్ స్టూవర్ట్ స్ట్రీమ్ ఫ్యూజన్‌తో దాన్ని మరింత విస్తరించారు: ప్రతి క్రియనూ "తరువాతి అంశం ఇవ్వు" అనే చిన్న యంత్రంగా మార్చి, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, చివరికి ఒకే బిగువైన లూపు మిగిలేలా చేశారు. లెష్చిన్‌స్కీ రాసిన వెక్టర్ లైబ్రరీ ఆ సిద్ధాంతపు ప్రత్యక్ష సంతానం. వర్గం చేసి కూడమని రెండు మాటల్లో రాస్తే మధ్య వెక్టరు మాయమవుతుంది. పైగా జతల వెక్టరును అన్‌బాక్స్‌డ్‌గా ఉంచితే, అది లోపల రెండు వేర్వేరు వెక్టర్లుగా విడిపోయి పరుచుకుంటుంది. ముక్క కోసుకుంటే నకలు తీయకుండా కోసిస్తుంది. ఒకే కొలత ఉన్న దత్తాంశానికి హాస్కెల్ లోకం దాదాపు ఏకగ్రీవంగా వాడేది ఇదే, అలా వాడడం సబబే.

వెక్టర్ పుట్టిన ఇంట్లోనే ఇంకా పెద్ద కల ఒకటి పెరుగుతూ ఉండేది. 1990ల ఆరంభంలో కార్నెగీ మెలన్‌లో గై బ్లెలాక్ నెస్ల్ భాషతో ఒక సంగతి నిరూపించాడు. వరుసలు ఒక్కోటి ఒక్కో పొడవున్న అర్రేల అర్రేను కూడా, ఒక పొడుగాటి చదును అర్రేగానూ, ఎక్కడెక్కడ తెంచాలో చెప్పే కొలతల పట్టీగానూ మార్చేస్తే, అసమానమైన పనిని సమానంగా ప్రాసెసర్లకు పంచవచ్చు. మాన్యుయెల్ చక్రవర్తి, గాబ్రియేలె కెల్లర్, లెష్చిన్‌స్కీ, పేటన్ జోన్స్ దీన్ని హాస్కెల్ మొత్తానికీ వర్తింపజేయాలని పూనుకున్నారు. డేటా ప్యారలల్ హాస్కెల్ అని దాని పేరు. ఆ ప్రయత్నాన్ని సమీక్షించే ముఖ్య వ్యాసం 2008లో బెంగళూరులో జరిగిన ఎఫ్‌ఎస్‌టీటీసీఎస్ సదస్సుకే వచ్చింది. అయితే చదును చేసే క్రమంలో ఒకే దత్తాంశం వేలసార్లు నకలవ్వడం, మెమొరీ అదుపు తప్పడం వేధించాయి. కంపైలరులో ఆ భాగాన్ని నిలబెట్టడం భారమై, 2018 నాటి జీహెచ్‌సీ 8.6లో దాన్ని తొలగించారు. దాన్ని ఓటమిగా లెక్కగట్టేవారితో నేను ఏకీభవించను. ఆ ఒక్క పూనిక నుంచి వెక్టర్, రెపా, యాక్సిలరేట్ మూడూ వచ్చాయి. గమ్యం చేరని యాత్రలో దారి పొడవునా ఊళ్లు వెలిశాయి.

2010లో వచ్చిన రెపా కలను కాస్త తగ్గించుకుంది. అసమాన వరుసలు వద్దు, దీర్ఘచతురస్రాలే చాలనుకుంది. బదులుగా అర్రే ఆకారాన్ని టైపులోకి తెచ్చింది. రెండు కొలతల అర్రే కోసం రాసిన కూడిక, మూడు కొలతలకూ నాలుగు కొలతలకూ తిరిగి రాయకుండానే పనిచేస్తుంది. రెపాలో ఇంకో గొప్ప ఆలోచన డిలేడ్ అర్రే. దానికి గడులే ఉండవు, సూచిక ఇస్తే విలువ చెప్పే ప్రమేయం మాత్రమే ఉంటుంది. ఎన్ని క్రియలు పేర్చినా ప్రమేయాలు కలిసిపోతాయి, చివర్లో కంప్యూట్ అన్నప్పుడే మెమొరీ నిండుతుంది. ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది. డిలేడ్ అర్రేను రెండుచోట్ల వాడితే లెక్క రెండుసార్లు జరుగుతుంది. పొరుగు గడులను పదేపదే చదివే పనిలో అది గుణించుకుంటూ పోతుంది. 2012 నాటి మూడో రెపా, అర్రే డిలేడా నిండినదా అన్న సంగతిని టైపులోనే రాయించి ఈ ఉచ్చును ప్రోగ్రామరు కంటికి కనిపించేలా చేసింది. బెన్ లిప్‌మయర్ పాత్ర ఇందులో పెద్దది. అంచు గడులను వేరుగా, నడిమి గడులను వేరుగా లెక్కించి వేగం రాబట్టే స్టెన్సిల్ పద్ధతినీ ఆయన, కెల్లర్ 2011లో చూపించారు.

రెపాను కట్టిన సిడ్నీ బృందమే 2011లో యాక్సిలరేట్‌తో ఇంకో దారి తొక్కింది. గ్రాఫిక్స్ ప్రాసెసరు మీద హాస్కెల్‌ను యథాతథంగా నడపడం అయ్యే పని కాదు. అందుకని హాస్కెల్‌లోనే ఒక చిన్న భాషను ఇమిడ్చారు. మనం రాసిన మ్యాపూ ఫోల్డూ వెంటనే నడవవు, ఒక వ్యాకరణ వృక్షంగా పోగవుతాయి. ప్రోగ్రాము నడుస్తుండగా ఆ వృక్షాన్ని సరళం చేసి, గ్రాఫిక్స్ కార్డు కోడుగా మార్చి పంపుతారు. తరువాత ట్రెవర్ మెక్‌డోనెల్ తదితరులు ఎల్ఎల్‌వీఎం ఆధారంగా సాధారణ ప్రాసెసర్లకూ దాన్ని విస్తరించారు. దీని ధర: ఆ చిన్న భాష గడప లోపలికి హాస్కెల్ సొగసులన్నీ రావు, అర్రేలో అర్రే ఉండదు.

డెన్మార్క్‌లో ట్రోల్స్ హెన్రిక్సెన్, కాస్మిన్ ఓంచా బృందం ఇమడ్చడమే వద్దని, ఫ్యుతార్క్ అనే వేరే భాషనే కట్టింది. దాని కంపైలరు రాసింది మాత్రం హాస్కెల్‌లో. 2017 నాటి వారి వ్యాసంలో సిసల్ ఆశయం మళ్ళీ తలెత్తింది: అర్రేకు ఇక వేరే వాడకందారు లేడని ఈసారి ఊహించకుండా, యూనిక్‌నెస్ టైపుతో ప్రోగ్రామరు చేతే చెప్పించి, అక్కడికక్కడే దిద్దుతారు. గూగుల్ పరిశోధకుల డెక్స్ భాష 2021లో అర్రేను సూచికల నుంచి విలువలకు పోయే ప్రమేయంగా తీర్చిదిద్ది, రెపా డిలేడ్ అర్రే ఊహకు దగ్గరి చుట్టంగా నిలిచింది. న్యూరల్ నెట్‌వర్కుల లెక్కల్లో ఎక్కువగా వాడే, 2018లో వచ్చిన పైథాన్ లైబ్రరీ జ్యాక్స్‌ను వాడే లక్షలాదిమంది ఫంక్షనల్ ప్రోగ్రామర్లమని తమను తాము పిలుచుకోకపోవచ్చు. కానీ అక్కడ అర్రేలు మారవు, ప్రమేయాలు శుద్ధంగా ఉండాలి, ఒక గడి మార్చమంటే కొత్త అర్రే వస్తుంది, కంపైలరు వీలుచూసి నకలు తప్పిస్తుంది. ఎలిక్సిర్‌లో 2021 నుంచి పెరుగుతున్న ఎన్ఎక్స్ కూడా ఆ తోవలోనిదే. బ్యాకస్ కోరినది చివరికి నెరవేరిందంటే, అది న్యూరల్ నెట్‌వర్కుల పుణ్యమా అని నెరవేరింది.

ఇప్పుడు ఒక పనిని ఈ పనిముట్లన్నిటి ముందూ పెట్టి చూద్దాం. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉన్న నలుపు తెలుపు ఫొటో. ప్రతి పిక్సెలునూ తన చుట్టూ ఉన్న ఎనిమిదింటితో కలిపి సగటు చేసి నునుపు చేయాలి. మొత్తం కోటీ 20 లక్షల గడులు. దశాంశ సంఖ్యలతో మొదటి లేజీ అర్రేలో పెడితే సుమారు 288 మెగాబైట్లు, అన్‌బాక్స్‌డ్ అయితే 96, ఒక్కో పిక్సెలుకు ఒక్క బైటే చాలనుకుంటే 12. లేజీతనం ఇక్కడ ఏమీ ఇవ్వదు కాబట్టి మొదటిది పక్కకు పోతుంది. వెక్టరుతో చేయవచ్చు, కానీ వరుసను వెడల్పుతో గుణించి నిలువును కలిపే సూచికల లెక్క మనమే రాసుకోవాలి, అంచుల దగ్గర తప్పులు దొర్లేది అక్కడే. పని ఒక్కసారిదే అయితే ఆ మాత్రం శ్రమ పడవచ్చు. హెచ్‌మ్యాట్రిక్స్ పొరుగు గడుల లెక్కలకు మొగ్గే లైబ్రరీ కాదు. ఈ ఫొటో మీద సింగ్యులర్ వేల్యూ డికంపొజిషన్ చేయాల్సివస్తే మాత్రం దానికి పోటీ లేదు, అక్కడ సొంతంగా రాయబోవడం వృథా సాహసం.

రెపాకు ఇది పుట్టుకతో వచ్చిన పని. కానీ రెపా వేగం చాలావరకు ఇన్‌లైన్ సూచనల మీద, జీహెచ్‌సీ ఆప్టిమైజరు దయ మీద ఆధారపడుతుంది, ఒక్క సూచన మరిచిపోతే కథ మారుతుంది. ఇవాళ అయితే నేను మాసివ్ వైపే చూపిస్తాను. రెపా నేర్పిన డిలేడ్ అర్రే, స్టెన్సిల్, ఆకార టైపులు దానిలో ఉన్నాయి. అర్రే ఒంటరిగా నడవాలా, అన్ని కోర్ల మీదా నడవాలా అన్నది అర్రేతోపాటే రాసి ఉంటుంది. లోపల మార్చుకునే అర్రేలకు ఎస్‌టీ దారి కూడా తెరిచే ఉంటుంది. రెపా మొదటి తరం ప్రయోగం, మాసివ్ ఆ ప్రయోగంలో నేర్చుకున్నదాన్ని రోజువారీ పనికి తెచ్చిన రెండో తరం. ఇలాంటి ఫొటోలు వేలకొద్దీ వచ్చి, దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే యాక్సిలరేట్. ఆ గణన భాగం హాస్కెల్ నుంచే కాక సీ నుంచీ పైథాన్ నుంచీ కూడా అందరికీ పనికిరావాలనుకుంటే ఫ్యుతార్క్. లైబ్రరీ మార్చడం కష్టమని ముందే భయపడనక్కర్లేదు. గణితాన్ని మ్యాపులుగా, ఫోల్డులుగా, స్టెన్సిళ్లుగా రాసుకున్నవారికి ఒకదాని నుంచి మరోదానికి వెళ్లడం చాలావరకు పేర్ల మార్పే. సూచికల లూపులుగా ఎస్‌టీలో రాసుకున్న కోడుకే వలస కష్టం.

పాత పేచీ మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు. 1990లోనే వాడ్లర్ లీనియర్ టైపుల గురించి రాస్తూ, ఒక విలువను సరిగ్గా ఒక్కసారే వాడతామని టైపు హామీ ఇస్తే దాన్ని అక్కడికక్కడే మార్చినా శుద్ధత చెడదని చూపించాడు. నెదర్లాండ్స్‌లో క్లీన్ భాష యూనిక్‌నెస్ టైపులతో ఆ బాటనే ఏళ్ల తరబడి నడిచింది. 2018లో లీనియర్ హాస్కెల్ వ్యాసం, 2021లో జీహెచ్‌సీ 9.0 ఆ హామీని హాస్కెల్ టైపుల్లోకి తెచ్చాయి. ఎస్‌టీ గడప అవసరం లేకుండా, మామూలు ప్రమేయాల మధ్యే ఒక అర్రే చేతులు మారుతూ, నకలు లేకుండా దిద్దుకుంటూ పోవచ్చు. పైన చెప్పిన పెద్ద లైబ్రరీల ముఖద్వారాలు మాత్రం నేటికీ ఎస్‌టీ కాలపు నమూనాలోనే ఉన్నాయి. వాటిని లీనియర్ టైపులతో తిరిగి కట్టే పని రాబోయే ప్రోగ్రామర్ల చేతిలో ఉంది.